దిద్దని పేపరు

మా మందిరంలో తలుపు పక్కన ఒక చెక్క పెట్టె ఉంది. ప్రార్థన మనవి ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. రెండేళ్లలో నేను తొమ్మిది చీటీలు వేశాను. తొమ్మిదింటికీ ప్రార్థన చేశారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

నేను రోగం నయం కావాలని అడగలేదు. వాన కావాలని కూడా అడగలేదు, అది అడిగేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. మా పెద్దపాప రాసిన సండే స్కూలు పరీక్ష పేపరు దిద్ది ఇవ్వమన్నాను. అంతే. దిద్దవలసిన మనిషి ఎక్కడో పరలోకంలో లేడు. ప్రతి ఆదివారం మగవాళ్ల వైపు ముందు వరసలో, అందరూ చాపల మీద కూర్చుంటే తను కుర్చీలో కూర్చుంటాడు. ఆయన మెడ వెనక పుట్టుమచ్చ ఎక్కడుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను.

"పోనీలే సిస్టర్, చిన్న విషయం" అని నాకు చెప్పని మనిషి సంఘంలో లేడు. చిన్న విషయమైతే దిద్దడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ప్రశ్నకు కూడా ఇంతవరకూ జవాబు రాలేదు. అందుకే మొదటి నుంచి చెబుతాను.

ఆయన మా సంఘానికి సండే స్కూలు సూపరింటెండెంటు. మిగతా ఆరు రోజులు పక్క ఊళ్లో ఒక ప్రైవేటు బడికి హెడ్మాస్టరు. అందరూ సారు అంటారు, నేనూ అలాగే అంటాను. ఆ బడిలో ఆయన కింద నేను మూడేళ్లు టీచరుగా పనిచేశాను. మా పెద్దపాప అక్కడే యూకేజీ చదివింది.

శనివారం పిల్లలు తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు వేసుకుని రావాలి. ఆ వారం మా వీధికి ట్యాంకరు రాలేదు. కుండల్లో మిగిలిన నీళ్లు తాగడానికీ వంటకూ సరిపోతే గొప్ప. బూట్లు మా నేల రంగులోనే ఉండిపోయాయి. నేను బడి నుంచి తెచ్చిన చాక్‌పీసు వాటి మీద బాగా రుద్ది, దులిపి, తొడిగి పంపాను. దూరం నుంచి చూస్తే తెల్లగానే కనిపించాయి. కానీ ప్రార్థన గంటకు పిల్లలంతా కాళ్లు నేలకేసి కొట్టి నిలబడతారు కదా, అప్పుడు చాక్‌పీసు పొడి అంతా రాలిపోయింది.

నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తూ కిటికీలోంచి చూశాను. ఐదేళ్ల పిల్ల జెండా దిమ్మె పక్కన ఎండలో నిలబడి ఉంది. ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టి, కనీసం ఒక్క బూటన్నా దాచుకోవాలని చూస్తోంది. రెండో బెల్లు కొట్టేదాకా నిలబెట్టారు.

స్టాఫ్ రూములో ఉన్న సారును వెళ్లి అడిగాను.

"రూలంటే రూలేనమ్మా," అన్నాడు సారు. "టీచరు బిడ్డకొక రూలు, ఊరోల్ల బిడ్డలకొక రూలా? నువ్వే చెప్పు."

"నీళ్లు రాలేదు సార్ మా వీధికి."

"నీళ్లు రాలేదని చెప్పి రూలు మార్చేదానికయితే మన జిల్లాలో బడులే నడవవు పో."

టీచర్లంతా నవ్వారు. ఆయన మాటకు నా బిడ్డ మీద జనం నవ్వడం అదే మొదటిసారి. రెండోసారి గురించి తరవాత చెబుతాను.

ఆ సాయంత్రమే ఉత్తరం రాసి ఇచ్చాను. పసిపిల్లలను ఎండలో నిలబెట్టే శిక్ష ఎత్తేయాలని రాశాను. ఆయన దాన్ని చదవకుండానే బల్ల మీది గాజు గుండు కింద పెట్టి, "చూద్దాంలేమ్మా" అన్నాడు. వారం తరవాత అడిగితే అదే మాట. నెల తరవాత అడిగితే అదే మాట. ఉత్తరం ఆ గుండు కిందే ఉండేది, దాని మీద దుమ్ము కూడా నాకు కనిపించేది. సంవత్సరం ముగిసే దాకా ఆగి మానేశాను. పాపను కూడా మాన్పించాను.

ఆయన మీద కోపంతోనే పిల్లలను ఇంట్లో పెట్టుకున్నానని అన్నారు. కాదని అందరికీ చెప్పాను. నిజానికి కొంత అదే. మిగతాది ఏమిటంటే, ఆ మూడేళ్లలో నేను ఏం చేశానో నాకు తెలుసు. నలభైమంది చేత ఒక్క గొంతుతో జవాబులు అరిపించాను. వాళ్లలో ఒక్కరికీ ప్రశ్న ఏమిటో తెలియదు. నా బిడ్డలు అలా కాకుండా, ప్రార్థనతో మొదలుపెట్టి, భయం లేకుండా చదువుకోవాలనుకున్నాను. పెద్దయ్యాక ఓపెన్ స్కూలు పరీక్షలు రాయిద్దామనుకున్నాను.

మా ఆయన బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లు పైకి లాగి బాగుచేసే పని చేస్తాడు. మా దిక్కున ఆ పనికి కరువు లేదు. విషయం చెబితే ఒళ్లంతా గ్రీజుతో నిలబడి విని, "పెట్టుకో తల్లీ బడి. నన్ను మాత్రం చేర్చుకోవద్దు, నాకు పదమూడో ఎక్కం రాదు," అన్నాడు.

అలా మొదలైంది. పొద్దున టిఫిను కంటే ముందు బైబిల్లోంచి ఒక కంఠత వాక్యం. తరవాత ఎక్కాలు, చేతిరాత. వంటింటి గోడకు నల్లబోర్డు కొట్టించాను. ట్యాంకరు హారన్ వినిపిస్తే అదే మా ఇంటర్‌వెల్లు, అది ఏ టైముకు వస్తుందో ఎవరికీ తెలియదు కనుక మా టైం టేబులు కూడా ఎవరికీ తెలియదు. వేరుశనగ చేలల్లో పువ్వు రాలి, కాయ పట్టే ఊడ నేలలోకి దిగే రోజుల్లో పిల్లలిద్దరినీ గట్టు మీద బోర్లా పడుకోబెట్టి చూపించేదాన్ని. చిన్నపాపకు అప్పటికి మూడేళ్లు. ఆ ఊడను చూసి, "మొక్క మన్ను తాగుతాంది," అంది. దానికి నేను పదికి పది వేశాను.

ఊరు ఊరుకోలేదు. పక్కింట్లో మిషను కుట్టే ఆమె ఉంది, మాకంటే పెద్దది, మసీదు వీధి నుంచి మా వీధికి వచ్చి చేరింది. మనసులో మాట దాచుకోదు.

"ఏమ్మే, బిడ్డలను బడికి పంపీకుండా ఇంట్లోనే పెట్టుకుండావే. రేపు పెండ్లి చేసినాంక కూడా ఈడ్నే పెట్టుకుంటావా?"

"చదువు చెప్తాండానక్కా."

"చెప్పు చెప్పు. చెప్పేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పు. నాకూ మిషను కాడికి ఇనపడ్తాది, నేనూ పాసయితా."

ఆమె మాటలు నాకు గుచ్చుకోలేదు. ఆమె తమాషా చేసినా, పిల్లలకు గౌన్లు కుట్టేటప్పుడు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదిలేది, పొడవు పెరిగితే విప్పుకోవచ్చని. గుచ్చినవాళ్లు మందిరంలో ఉన్నారు.

ఇక పరీక్ష. మా సంఘంలో ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు సండే స్కూలు పిల్లలకు రాత పరీక్ష పెడతారు. అప్పటికి పెద్దపాపకు ఏడేళ్లు. అట్ట పట్టుకుని, రెండు పెన్సిళ్లు చెక్కుకుని వెళ్లింది. పేపరు పైన బడి పేరు రాయమంటే "మా ఇల్లు" అని రాసిందట. చివరి ప్రశ్న: దేవుడు నీకు చేసిన ఐదు మేలులు రాయుము.

మిగతా పిల్లలకు సారు ముందే ఐదు చెప్పి కంఠతా పట్టించాడు: వాన, పంట, ఎండ, గాలి, తల్లిదండ్రులు. మా పాప ఆ వారం జ్వరంతో వెళ్లలేదు. సొంతంగా రాసింది. బయటికొచ్చి దారంతా నాకు చెప్పింది.

"వాన రాయలేదమ్మా. మనకు పడ్లేదు కదా. ట్యాంకరు రాసినా. రెండోది నాయన. మూడోది చెల్లెలు. నాలుగోది మన నల్లబోర్డు."

"ఐదోది?"

"అది చెప్పను. మార్కులొచ్చినాంక చెప్తా."

వాన, పంట అని రాసిన పిల్లలు ఆ ఏడు ఏ వానను చూశారో, ఏ పంటను చూశారో నాకు తెలియదు. నా బిడ్డ నిజం రాసిందని నాకు గర్వంగా ఉండింది. పక్కింటామె చేత గులాబీ రంగు గౌను కుట్టించాను.

క్రిస్మస్ ముందు ఆదివారం బహుమతులు. పరీక్ష రాసిన ప్రతి బిడ్డకూ ఒక స్టీలు టిఫిన్ డబ్బా. పిల్లలను వరసగా ముందు నిలబెట్టారు. సారు మైకులో పేరు, మార్కులు చదువుతుంటే పాస్టరు అయ్యగారు డబ్బాలు ఇస్తున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి మా పాప ఒక్కతే నిలబడింది. సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, నా పేరు?" అని అడిగింది. చిన్న గొంతే, కానీ మైకు దగ్గర కనుక అందరికీ వినిపించింది.

ఆయన మైకులోనే చెప్పాడు. "ఇంట్లో చదివేటోల్ల పేపరు ఇంట్లోనే దిద్దుకుంటారు పాపా. మీయమ్మ పెద్ద టీచరు కదా."

మందిరమంతా నవ్వింది. నేను ఏ వరసలో ఎవరు నవ్వారో చూశాను, ఇప్పటికీ వరసగా చెప్పగలను. పాస్టరు అయ్యగారు నవ్వారు. పాస్టరమ్మగారు నవ్వలేదు, అది కూడా చెప్పాలి. ఆమె పళ్లెంలోంచి ఒక కమలాపండు తీసి పాప చేతిలో పెట్టి పంపింది.

పాప ఆ పండు తినలేదు. కిటికీలో పెట్టింది. అది ఎండి, ముడుచుకుని, నిమ్మకాయంత అయింది. పారేయమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా పారేయలేదు. ఎప్పుడైనా నా కోపం తగ్గినట్టు అనిపిస్తే దాన్ని చేతిలోకి తీసుకుంటాను. రాయిలా ఉంటుంది.

అవమానం ఒక్క రోజుదే అయితే నేనూ మరచిపోయేదాన్నేమో. తరవాతి వారం చేతిరాత దిద్ది, పక్కన టిక్కు పెట్టి ఇస్తే పాప దాన్ని చూసి, "నువ్వు దిద్దితే లెక్కలోకి రాదు కదమ్మా," అంది. ఏడుస్తూ అనలేదు. తెలిసిన విషయం చెప్పినట్టు అంది. అప్పటి నుంచి నేను పెట్టే టిక్కుకు విలువ లేదు. లెక్క తప్పయితే "తప్పయితే ఏమి", ఒప్పయితే "ఒప్పయితే ఏమి". నోట్సు వదిలేసి పలక మీద రాసి, నేను వచ్చేలోపు తుడిచేయడం నేర్చుకుంది. కిందటి జూన్‌లో ఒక రోజు, "నన్ను సార్ బడిలో చేర్పించమ్మా. ఆడ దిద్దుతారు," అంది.

నా ఇంటి బడిని ఆ ఒక్క మాటతో మూసినంత పని చేశాడు ఆయన. కాబట్టి ఆ పేపరు ఆయనే దిద్దాలి. వేరే ఎవరు దిద్దినా కుదరదు. నేను పగ పట్టానంటారు. పట్టాను. క్షమించమని వాక్యం చెబుతుందని నాకు గుర్తుచేస్తారు. నాకు తెలుసు, ఆ మాటను నేనే ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. మా మందిరం ప్రహరీ గోడకు రోడ్డు వైపు ఒక నల్లబోర్డు ఉంది. వారం వారం దాని మీద ఒక వాక్యం రాస్తారు. నా చేతిరాత బాగుంటుందని ఆ పని ఆరేళ్లుగా నాదే. ఏ వాక్యం రాయాలో ఎవరూ చెప్పరు, నా ఇష్టం. బత్తలపల్లె వెళ్లే ఆటోల్లో వాళ్లు కూడా చదువుకుంటూ పోతారు. ఆ జనవరి నుంచి నేను దొంగ త్రాసుల గురించి రాశాను. మరుసటి వారం ముందు పీఠాల మీద కూర్చోవడానికి ఇష్టపడేవాళ్ల గురించి. తరవాత బోధకులకు వచ్చే కఠినమైన తీర్పు గురించి. తరవాత చిన్నబిడ్డలను అడ్డగించేవాళ్ల గురించి. వాక్యమంతా వెతికాను, నాకు కావలసినవి చాలానే దొరికాయి. అన్నీ వాక్యాలే కనుక తప్పు పట్టడానికి వీల్లేదు. సారు స్కూటరు దిగి, హెల్మెట్ తీసి, బోర్డు చదివి లోపలికి వెళ్లేవాడు. ఆ కాసేపు ఆయన ముఖం చూడటానికి నేను ముందే వచ్చి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని. చర్చికి పోవాలని అంత హుషారు నాకు పెళ్లయిన కొత్తలో కూడా లేదు.

ఎనిమిది వారాలు రాశాను. తొమ్మిదో వారం వెళ్లేసరికి బోర్డు మీద యువజనుల్లో ఎవరో వంకర అక్షరాలతో సంతోషం గురించిన వాక్యం రాసి ఉంది. చాక్‌పీసుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

అప్పుడు చీటీలు మొదలుపెట్టాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు అయ్యగారు పెట్టె తెరిచి చీటీలు ఒక్కొక్కటే గట్టిగా చదువుతారు. ముందుగా చూసుకోరు. నాది మందిరం భాషలోనే రాశాను. ఆయన మోకాళ్ల నొప్పుల చీటీ చదివి, బోరు వేయించే చీటీ చదివి, నాది తీశారు.

"గత సంవత్సరపు సండే స్కూలు పరీక్షలో ఒక బిడ్డ పేపరు దిద్దబడునట్లు, దిద్దవలసిన సహోదరుని హృదయము కదిలించబడునట్లు..."

అక్కడ ఆగి దగ్గారు. చీటీ మడిచి, కళ్లు మూసుకుని, "ఒక సహోదరి హృదయంలో ఉన్న చేదును తీసివేయుము తండ్రీ," అని ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. కుర్చీలోంచి వచ్చిన ఆమేన్ అందరికంటే గట్టిగా వచ్చింది.

నేను పేపరు దిద్దమంటే నన్ను దిద్దమని దేవుడికి చెప్పారు. తరవాతి ఎనిమిది చీటీలను చదవడం కూడా మానేశారు. "పేరు చెప్పని మనవి ఒకటుంది" అని, మళ్లీ అదే చేదు, మళ్లీ అదే ఆమేన్. జవాబు ఇవ్వకుండా ఉండటానికి ప్రార్థన ఇంతగా పనికొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చీటీలతో పాటు సంఘ పెద్దలకు ఉత్తరాలు కూడా రాశాను. వాటికి శుద్ధప్రతి పిల్లల చేత రాయించేదాన్ని. చేతిరాతకు చేతిరాత, ఉత్తరానికి ఉత్తరం. నేను చెబుతుంటే పెద్దపాప విసుగ్గా రాసేది. చిన్నపాప పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కునేది. ఒక సాయంత్రం మా ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి చిన్నదాని పుస్తకం తెరిచాడు. తనంతట తాను రాసిన మొదటి వాక్యం అందులో ఉంది: సారు జవాబు ఇవ్వలేదు.

"ఏమే, బిడ్డకు అమ్మ, ఆవు నేర్పిచ్చక ముందే పిటిషన్ నేర్పిచ్చినావా?" అన్నాడు.

"ఒక్క అక్షరం తప్పుండాదా అందులో?"

"లేదు."

"మరి?"

పుస్తకం మూసి, భోజనానికి కూర్చున్నాడు. ఆయన నా వైపేనని నాకు తెలుసు. కానీ సారును అడగమంటే, "ఆయన బడి బోరు మోటారు నేనే చూస్తాండా, ఎట్లడిగేది" అంటాడు. అది కూడా నా మనసులో రాసి పెట్టుకున్నాను.

ఈ ఏడు కోత పండుగ వచ్చింది. ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో మొదటిది తెచ్చి మందిరంలో ముందు పెడతారు. పంటలు ఎండిపోయినా పండుగ మాత్రం ఆగదు. ఎవరో కొన్న గుమ్మడికాయ తెచ్చారు, ఎవరో కోడిని తెచ్చారు. మా పిల్లలు ఇంటి వెనక పాత్రలు కడిగిన నీళ్లతో పన్నెండు వేరుశనగ మొక్కలు పెంచారు. అది వాళ్ల సైన్సు పాఠం. కాసినవి రెండు దోసిళ్లు. పెద్దపాప వాటిని చాటలో పోసి, పక్కన ఒక కొత్త ఎర్ర పెన్ను పెట్టింది.

పెన్ను కొన్నది నేను. చాటలో పెట్టమని నేను చెప్పలేదు. ఏడాదిగా అది మా అల్మారాలో ఉంది, ఎందుకోసమో ఇంట్లో అందరికీ తెలుసు.

పాస్టరమ్మగారు కానుకలు అందుకుంటూ అందరికీ వినపడేలా చెబుతోంది. "గుమ్మడికాయ... కోడి... చెనిక్కాయలు. ఈ పెన్ను ఎవురిదమ్మా?"

"సార్‌కు," అంది పాప. "నా పేపరు దిద్దనీకి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను వరసలన్నీ చూశాను. సారు కుర్చీలో కదిలి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూద్దాంలే పాపా."

"ఎప్పుడు సార్?"

ఆయన పైకి ఫ్యాను వైపు చూశాడు. పాస్టరు అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. పెన్ను గుమ్మడికాయ పక్కన ఉండిపోయింది. పాప వచ్చి నా పక్కన కూర్చుంది. దాని వీపు నిటారుగా ఉంది. చాలా రోజుల తరవాత నాకు ఆ పిల్ల నా పిల్లలా కనిపించింది.

బుధవారం పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చింది. సరిగ్గా ట్యాంకరు టైముకు వచ్చింది పాపం, నాలుగు బిందెలు నాతో పాటు మోసింది. అరుగు మీద కూర్చుని చీర కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"ఆ పేపరు యాడా పోలేదమ్మా. సారు కాడ్నే ఉండాది. ఆయన వాక్యం పుస్తకంలో మడిచి పెట్టుకున్నాడు."

"రెండేండ్లుగానా?"

"దిద్దేదానికి తీసిన పొద్దే మా ఇంటికొచ్చి అయ్యగారికి చూపిచ్చినాడు. కండ్ల నీళ్లు పెట్టుకున్నాడమ్మా. ముప్పై ఏండ్లు బిడ్డలకు చెప్పిన మనిషి. నీ బిడ్డ ఐదో మేలు ఏం రాసిందో తెలుసా నీకు?"

"మార్కులొచ్చినాంక చెప్తానన్యాది."

ఆమె ముందుకు వంగి చెప్పింది. "'మా బడిలో సారు లేడు' అని. అంత మాట."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. తరవాత నవ్వు పోయింది. పెద్దపాప లోపల బిందెల మీద మూతలు పెడుతోంది. పిలిచి అడిగాను.

"నువ్వే కదమ్మా చెప్పింది," అంది. "సంగటి కెలుకుతా నాయనతో అంటివి. ఇంటి బడిలో ఉండే పెద్ద మేలు అదే, ఆడ సారు లేడు అని."

అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. సంగటి కెలికిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. ఆ మాట నాది. నా బిడ్డ దాన్ని దేవుడు చేసిన మేలుగా నమ్మి, వంద మంది నడుమ కూర్చుని, పెన్సిలు చెక్కుకుని రాసింది.

"చూసినావా," అంది పాస్టరమ్మగారు. "నువ్వు ఒక్కసారి పోయి క్షమించమని అను. ఆయన దిద్ది ఇచ్చేస్తాడు. నేను మాట్లాడ్తా."

"ముందు దిద్దమనండి."

"నీకు మొండితనం ఎక్కువమ్మా."

"ఎక్కువే అమ్మగారూ."

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. అరవై దాటిన మనిషి ఒక ఏడేళ్ల పిల్ల రాసిన నాలుగు మాటలు పుస్తకంలో దాచుకుని బాధపడటం నా కళ్లకు కట్టింది. జాలి వేసింది. అది ఎంతోసేపు ఉండలేదు. ఆ పేపరు పాస్టరు అయ్యగారు కూడా చదివారు కదా. చదివి, కారణం తెలిసి, తొమ్మిదిసార్లు నా చేదు గురించి ప్రార్థించారు. ఒక్కసారి పిలిచి, "అమ్మా, ఇదీ సంగతి" అని ఉంటే సరిపోయేది. నాకు కోపం వచ్చినా నా తప్పు నాకు తెలిసేది. నా బిడ్డ రెండేళ్లు పలక తుడుచుకుంటూ కూర్చునేది కాదు.

పాప వచ్చి పక్కన కూర్చుంది.

"అది తప్పా అమ్మా?"

నేను టీచర్‌ని. ఏడు తరగతులకు పేపర్లు దిద్దాను. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. తప్పంటే నా మాట తప్పని చెప్పాలి. ఒప్పంటే ఒక మనిషి లేకపోవడం దేవుడి మేలని బిడ్డకు నేర్పాలి. పైగా నేను ఏది చెప్పినా దాని దగ్గర లెక్కలోకి రాదు.

"సార్ చెప్పాల," అన్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఇది పదో చీటీ, దీన్ని పెట్టెలో వేయడం లేదు. సార్, ఐదో జవాబు వెనక ఉన్న మాట నాది. ఒప్పుకుంటున్నాను. మీరు దానికి ఇంటూ పెడితే, పాపను కూర్చోబెట్టి ఎందుకు తప్పో నేనే చెబుతాను, ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. కానీ మిగతా నాలుగూ మిమ్మల్ని ఏం చేశాయి? ట్యాంకరు మేలు కాదా? మీ వీధికి కూడా అదే ట్యాంకరు వస్తుంది. వాళ్ల నాయన మేలు కాదా? మీ బడి మోటారు కాలిపోయినప్పుడు లాగింది ఆయనే. జెండా దిమ్మె దగ్గర నిలబెట్టిన రోజు గురించి నేను ఇచ్చిన ఉత్తరం ఇంకా ఆ గాజు గుండు కిందే ఉంటే దాని సంగతి తరవాత చూసుకుందాం, దాన్ని నేను వదల్లేదు.

ముందు ఈ పేపరు. ఎర్ర పెన్ను మందిరం బీరువాలో ఉందట, పాస్టరమ్మగారు చెప్పింది. కొత్తది, బాగా రాస్తుంది. నా కోసం ప్రార్థన వద్దు. చూద్దాం అనే మాట వద్దు. తొమ్మిదేళ్ల పిల్ల మా అరుగు మీద కూర్చుని అడుగుతోంది, నేను కూడా అడుగుతున్నాను. ఎన్ని మార్కులు సార్?